జేబులో బోల్టు

వాకిట్లో కారు లేదు. దాని కింద పెట్టిన బేసిన్ మాత్రం ఉంది, నిండా నల్లటి నూనెతో.

పెద్దాయన చేతిలో రాగి వాషరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దాని కోసమే వీధి చివరి కొట్టుకి వెళ్ళొచ్చారు. ముసలి కారాయె, ఇంజను అడుగు బోల్టు దగ్గర ఒకటే కారుతోంది. కూతురికి నెలలు నిండాయి, ఏ క్షణాన బండి అవసరమవుతుందో ఏమో అని పొద్దున్నే కిందికి దూరి నూనంతా దించేశారు. కొత్త వాషరు వేసి, బోల్టు బిగించి, మంచి నూనె పోస్తే పనైపోయినట్టే. ఆ బోల్టు ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఉంది.

"ఏమే! కారేదీ?"

భార్య తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుంటూ వచ్చింది. "నేను స్నానంలో ఉన్నానండీ. అల్లుడు తలుపు దబదబా బాది, 'అత్తయ్యా, నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి వెళ్తున్నాం' అన్నాడు. ఒళ్ళు తుడుచుకుని వచ్చేసరికి ఎవరూ లేరు. సర్దిపెట్టిన సంచీ కూడా లేదు."

"తాళంచెవి నా దగ్గరే ఉందే!"

"మీ కారుకి తాళంచెవి ఒక లెక్కా? బీరువా తాళంచెవి పెట్టి తిప్పినా మూలుక్కుంటూ లేస్తుంది. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతేగా!"

పెద్దాయన మెట్టు మీద కూలబడ్డారు. "అందులో నూనె చుక్క లేదే. నడిరోడ్డు మీద ఇంజను పట్టేస్తుంది. నొప్పులతో పిల్ల ఏమైపోతుందీ!"

"నూనె తగ్గితే లోపల ఎర్రదీపం వెలుగుతుందన్నారుగా? అల్లుడు చూసి ముందే ఆపుతాడు లెండి."

"దాని మీద నల్లటేపు అతికించేశానే!" అన్నారాయన. ఆ దీపం అయినదానికీ కానిదానికీ వెలిగి అమ్మాయిని భయపెడుతోందని ఆయన చేసిన పని అది.

"అతికించేశారూ? బాగుంది! దీపం నోరు కూడా నొక్కేశారన్నమాట!" ఆవిడ తిడుతూనే అల్లుడికి ఫోన్ కలిపింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తడే!

పెద్దాయన సైకిలు లాగారు. కాలికి చెప్పుల్లేవు, చేతులకి మసి వదల్లేదు. దారి పొడుగునా కళ్ళకి అదే కనిపిస్తోంది. ఎండలో ఆగిపోయిన బండి, వెనక సీట్లో మెలికలు తిరిగిపోతున్న కూతురు. అడ్డొచ్చిన వాళ్ళందరూ ఆయన్ని తిట్టారు.

వంతెన దగ్గరి మలుపులో కారు కనపడనే కనపడింది. ముందునుంచి పొగ. తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. తాళం కన్నంలో తమ బీరువా తాళంచెవి వేలాడుతోంది.

"అమ్మా, ఇందులోవాళ్ళేరీ?" పక్కన పళ్ళమ్ముకునే ఆవిడని అడిగారు.

"ఇప్పుడే తాతా. బండి గర్రుమని అరిచి ఆగిపోయింది. ఇద్దరూ దిగి ఒకటే పరుగు."

"పరుగా! ఆ స్థితిలో పరుగెత్తిందా?"

"ఎవరి స్థితేమిటో నాకేం తెలుసు, నా బేరంలో నేనున్నా. ఆ సందులోకి పోయారు."

"అయ్యో, ఆసుపత్రి అటు కాదమ్మా! కంగారులో దారి కూడా తప్పారు!" సైకిలు సందువైపు తిప్పబోతుంటే జేబులో ఫోన్ మోగింది. బోల్టునీ ఫోన్‌నీ కలిపి బయటికి లాగారు. అల్లుడు!

"మామయ్యా, ఫోన్ సంచీ అడుక్కి పోయింది, వినపడలేదు. మీరేం కంగారుపడకండి. అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళారు. అంతా బాగుందంది డాక్టరమ్మ."

"అక్కడిదాకా ఎలా వెళ్ళారు బాబూ? బండి ఆగిపోయాక నడిచేనా?"

"ఏ బండి? నూనె దించేసిన కారెక్కడానికి నాకేం పిచ్చా? ఎదురుగా ఆటో కనిపిస్తే ఎక్కేశాం."

పెద్దాయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ ప్రాణం కాస్త కుదుటపడ్డాక, కళ్ళు మళ్ళీ కారు మీదికి పోయాయి. "మరైతే..."

"అన్నట్టు మామయ్యా, మీరు పంపారంటూ ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. తాళంచెవి అడిగితే బీరువాది చేతిలో పెట్టి, ఎలా తిప్పాలో కూడా దగ్గరుండి చూపించే వచ్చాను!"