తట్టే మనిషి

అన్నం కలిపే మనిషి కలిపి వెళ్ళిపోయాక, తినిపించే మాణిక్యం వచ్చి పాపకు ముద్దలు పెడుతోంది. రెండో ముద్దకే పాపకు పొలమారింది. మెతుకులు గొంతుకు అడ్డుపడి ఊపిరాడటం లేదు.

"ఏదో ఒకటి చెయ్యి మాణిక్యం!" అని తల్లి హైమ అరిచింది.

"నాకు ముద్దలెట్టడమే వచ్చండీ. పొలమారితే తట్టే గవర్రాజుగారికి కబురెట్టేను. మన పేటంతటికీ ఆయనొక్కరే కదండీ."

పాప పెదాలు నల్లబడుతున్నాయి. హైమకు వచ్చిన పని ఒక్కటే, ఫ్యాక్టరీలో అట్టపెట్టెల మీద లేబుల్ పెట్టి అరచేత్తో గట్టిగా చరచడం. పిల్లను ఎక్కడ తట్టాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏడుస్తూనే పాపను ఒళ్ళో బోర్లా వేసుకుని, పెట్టెను చరిచినట్టే వీపు మీద చరిచింది. మెతుకులు బయటపడ్డాయి. పాప ఊపిరి తీసుకుంది.

అప్పుడే గవర్రాజు రొప్పుతూ వచ్చాడు. కుదుటపడ్డ పాపను చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎవరు తట్టేరమ్మా? ఎవరి పిల్లల్ని వాళ్ళే తట్టేసుకుంటే ఇంక నన్నెవరు పిలుస్తారు? నాకొచ్చింది ఇదొక్కటే కదమ్మా!"

హైమ తన అరచేతి వంక చూసుకుంది. రేపు ఎవరి పెట్టెకు వాళ్ళే లేబుల్ అతికించుకుంటే?

పాపను ఎత్తి, వీపు ఆయన వైపు ఉండేలా ఆయన ముందు కూర్చోబెట్టింది.

"ఒక్కసారి దగ్గు తల్లీ" అంది.