మాటిచ్చిన చోటు

సమాధుల తోట గేటు ముందు ట్రక్కు ఆటో ఆగింది.

వెనకాల శవం ఉంది. ముతక దుప్పటి కప్పి, రెండు బంతిపూల దండలు వేశారు. గుండెల మీద నలిగిన బైబిలు.

ఆటోలోంచి దిగిన గంగబాబు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏటి అవతల లంకలో పడవ నడుపుకునే మనిషి.

"ఇక్కడ పెద్దగారెవరండి?"

"నేనే. చెప్పు," అన్నాడు రవికుమార్. రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. తోట తాళంచెవి ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది.

"మా తాతగారండి. తెల్లారగట్ల పోయేరు. ఏసుప్రభువు మనిషండి. ఏరు దాటించి తెచ్చేను. మీ తోటలో ఆరడుగులు ఇప్పించండి."

"పేరు?"

"ప్రార్థన తాతగారనే పిలిచేవాళ్లమండి. ఎక్కణ్ణించో మా లంకకొచ్చి ఉండిపోయేరు."

"ఏ సంఘం? పాస్టరుగారి చీటీ ఏదన్నా ఉందా?"

"మాకయ్యేం తెలవదండి. పొద్దున్నే ఏటొడ్డున మోకాళ్లేసి ప్రార్థన చేసుకునేవారు. తరవాత ఊళ్లోవాళ్ల పనులే ఆయన పనులండి. మా వలలు పట్టుకుపోతే స్టేషనుకెళ్లి మాట్లాడి తెచ్చేరు. ముసలాళ్ల పింఛన్లకి ఆయనే తిరిగేరు. ఎవరింట్లో ముద్ద పెడితే అక్కడే తినేవారు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత గుడికే కాదు, చర్చికీ పనికొస్తుంది.

"మంచాయనే, కాదనను," అన్నాడు రవికుమార్. "కానీ ఈ తోట కోసం మేం పడ్డ పాట్లు నీకు తెలవ్వయ్యా. రొయ్యల చెరువులవాళ్లు కలిపేసుకోబోతే కోర్టుకెక్కి దక్కించుకున్నాం. ఇప్పుడు మా సంఘంవాళ్లకే చోటు చాలట్లేదు."

గంగబాబు గేటు ఊచల్లోంచి లోపలికి చూశాడు. ఒక పాత సమాధి పక్కన, చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం కొట్టిన జాగా కనిపించింది.

"అది ఖాళీయే కదండీ?"

"అది ప్లీడరుగారిది!" రవికుమార్ గొంతు పెరిగింది. "పైసా పుచ్చుకోకుండా మా కేసు గెలిపించిన మహానుభావుడు. ఫీజెంతండీ అని మా నాన్నగారు అడిగితే, 'నేను పోయినప్పుడు మీ పక్కన ఇంత చోటివ్వండి ఫిలిప్ గారూ' అన్నారంట. నాన్నగారు మాటిచ్చేరు. ఇప్పుడా మాట నాది. నా తోడబుట్టినవాడికే ఇవ్వలేదు."

అది నిజం. తమ్ముడు పోయినప్పుడు మరదలు కాళ్లమీద పడి అడిగినా ఇవ్వలేదు. వాణ్ణి గోడవార పెట్టించి, ఇంటికొచ్చి ఒక్కడే ఏడ్చాడు.

ఆ ప్లీడరుగారిని రవికుమార్ ఎన్నడూ చూడలేదు. కేసు నడిచిన రోజుల్లో అతనికి ఏజెన్సీలో ఉద్యోగం. అంతటి మనిషి ఈపాటికి ఏ హైకోర్టులోనో జడ్జీ చేసి రిటైరై ఉంటారని, ఎప్పటికైనా కార్ల వరసతో ఈ గేటు ముందుకు వస్తారని అతని నమ్మకం.

"తాతగారు ఈ తోటే చూపించేరండి," అన్నాడు గంగబాబు. "పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏటొడ్డున కూచోబెడితే, ఇటేపు చెయ్యి చూపించి నవ్వేవారు."

"అందరికీ ఇక్కడే కావాలంటే ఎలాగయ్యా?"

"ఆయ్," అని తలూపాడు గంగబాబు.

ఆటో వెనక్కి తిరిగింది. తాతగారిని లంకలోనే, ఏటొడ్డున పెట్టుకున్నారు.

శ్రావణంలో గోదారికి ఎర్రనీరు వచ్చింది. ఒడ్డు కోసుకుపోయింది.

నవంబరులో సమాధుల పండుగ. తోటంతా పూలు, కొవ్వొత్తులు. రవికుమార్ ఎప్పటిలాగే ఖాళీ చోటు చుట్టూ ఇటుకలకు సున్నం కొట్టించి, మధ్యలో పూలు పెట్టాడు. కొవ్వొత్తి మాత్రం వెలిగించలేదు. బతికున్న మనిషి చోటాయె!

"మా ప్లీడరుగారికి ఆయుష్షునియ్యి ప్రభువా," అని ప్రార్థన చేసి కళ్లు తెరిచేసరికి గేటు బయట గంగబాబు. చేతిలో ఒక కొవ్వొత్తి.

"మా తాతగారి చోటు ఏట్లో కలిసిపోయిందండి. ఎముక కూడా దొరకలేదు. ఎక్కడ వెలిగించాలో తెలవట్లేదు. మీరు కాదనకపోతే ఈ గోడ బయట పెట్టుకుంటాను."

రవికుమార్ గేటు దగ్గరికి వచ్చాడు. "లోపలికి రా. ఇక్కడే పెట్టుకో."

గంగబాబు లోపలికొచ్చి కొవ్వొత్తి వెలిగించాడు. ఫోనులో తాతగారి ఫోటో తెరిచి, ఫోనుని గోడకి ఆనించాడు.

పక్కనే వీరాయమ్మ తన భర్త సమాధి మీద పూలు సర్దుతోంది. ఆనాడు కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. పలివెలలో కూతురి దగ్గర ఉంటోంది, ఈ పండక్కే వచ్చింది.

ఫోను వెలుతురు చూసి వంగింది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"గెడ్డం పెరిగింది గానీ..." అంది. చేతిలో పూలు జారిపోయాయి.

"ఏంటి పిన్నీ?"

వీరాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, సున్నం కొట్టిన ఖాళీ జాగా వైపు చూసింది.

"ఒరేయ్ రవీ... ఆ చోటు ఈయనదేరా."