చిట్టక్క వయసు

"మీ అమ్మనో నాన్ననో పిలుచుకు రండి" అంది ఫోను, నలభై ఆరేళ్ళ బొమ్మలావిడతో.

పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది ఆరోసారి.

జెరాక్స్ షాపు గడియారం నాలుగున్నర చూపిస్తోంది. అయిదింటికల్లా తను పెద్దదాన్నని నిరూపించుకోకపోతే ఫోనులోని ఆమె కథల ఖాతా మొత్తం చెరిపేస్తారు. అందులో ఏడేళ్ళుగా రోజుకింత చొప్పున చెప్పిన ఆరువందల కథలున్నాయి. ఇంకెక్కడా దాచుకోలేదు.

తప్పు తనదే. గుడ్డపీలికలతో కుట్టిన చిట్టక్క అనే బొమ్మను చేతికి తొడుక్కుని, దాని గొంతుతో పిల్లలకు కథలు చెబుతుంది. నెల క్రితం పుట్టినరోజు ఎప్పుడని ఖాతావాళ్ళు అడిగితే, ముచ్చటపడి చిట్టక్కను కుట్టిన తేదీ వేసింది. ఏడేళ్ళ పిల్లకు ఖాతా ఏమిటని, ఆ మాటే వినేవాళ్ళందరికీ కనబడేలా రాసిపెట్టి, వాళ్ళు మరుక్షణం తలుపు మూసేశారు.

అన్నిటికన్నా పెద్ద బెంగ చివరి బెంచీ గురించి.

తొలినాళ్ళలో ఆమె కథలు వినేది ఆ పేరుతో ఉన్న ఒకే ఒక్కడు. రోజూ ఒకే ముక్క రాసేవాడు: "విన్నాను. రేపు కూడా చెప్పు." ఆ ముక్క కోసమే ఆమె మర్నాడు మళ్ళీ బొమ్మ తొడుక్కునేది. హోంవర్క్ చేసుకుని, పాలు తాగి పడుకో నాన్నా అని రాస్తే, బుద్ధిగా "అలాగే" అనేవాడు.

షాపతనికి ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. వరసలో ఆమెకు ముందు ఒక ముసలాయన మడత కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె గొంతు వింటూనే నిటారుగా సర్దుకున్నాడు.

"ముందు ఈవిడది చూడండి. నేను వచ్చింది కూడా..."

"తాతగారూ, కబుర్లకు టైము లేదండీ" అంటూ ఆమె కుర్చీ లాక్కుంది.

షాపతను గుర్తింపు కార్డుకు ఫోటో తీశాడు. ట్యూబులైటు మెరుపు సరిగ్గా పుట్టిన సంవత్సరం మీదే పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ మెరుపే. లైటు ఆర్పితే చీకటి.

ముసలాయన లేచి, చేతిలోని కాగితం మడత విప్పి కార్డుకు పైన గొడుగులా పట్టాడు. అంకెలు చక్కగా పడ్డాయి.

పంపారు. తెర మీద చక్రం తిరుగుతోంది. నాలుగూ నలభై. నాలుగూ నలభై ఎనిమిది.

నాలుగూ యాభై రెండుకి ఖాతా తెరుచుకుంది.

"నేనొచ్చేశానోచ్" అంది ఆమె చిట్టక్క గొంతుతో, చిన్నపిల్లలాగే గంతేస్తూ. షాపతను చప్పట్లు కొట్టాడు. ముసలాయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆరువందల కథలూ పదిలంగా ఉన్నాయి. పట్టలేని సంతోషంతో ఆమె ఒక్కొక్కటీ వేలితో జరుపుకుంటూ పోయింది.

"ఇంతకీ ఆ ఏనుగు ఏరు దాటిందా అమ్మా?" అని అడిగాడు ముసలాయన.

"రేపు దాటుతుంది తాతగారూ" అంది తలెత్తకుండానే.

"అలాగే" అన్నాడాయన.

ఆమె గబగబా చివరి బెంచీకి కబురు రాసింది: వచ్చేశాను నాన్నా, హోంవర్క్ చేసుకుంటున్నావా అని.

అప్పుడు వెలిగింది. సగంలో ఆగిపోయిన ఏనుగు కథ ఊసు ఇక్కడ ఎత్తనేలేదే, ఈయనకెలా తెలుసు?

తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు. వీధిలోకి పరుగెత్తింది. అయిదు గంటల బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది.

కాగితం మాత్రం బల్ల మీదే ఉంది. టైపు చేసి ఆ ఖాతావాళ్ళకు పంపమని తెచ్చాడని, ఇక అవసరం లేదని వదిలేసి వెళ్ళాడని షాపతను చెప్పాడు.

ఆమె మడత విప్పింది.

"అయ్యా, బొమ్మతో కథలు చెప్పే ఆవిడ చిన్నపిల్ల కాదు. ఏడేళ్ళుగా రోజూ నా చేత పాలు తాగించి పడుకోబెడుతున్నది ఆవిడే. కావాలంటే ఎక్కడికైనా వచ్చి సాక్ష్యం చెబుతాను. ఇట్లు, చివరి బెంచీ, వయసు డెబ్బై నాలుగు."