సీసాడు క్రిములు

డాక్టరమ్మ ఆవు ఎడమ డొక్క మీద చెవిగొట్టం ఆనించి చాలాసేపు వింది. "బాబాయ్, దీని కడుపులో క్రిములన్నీ చచ్చిపోయాయి" అంది.

పాలాయన హమ్మయ్య అనుకున్నాడు. పైకి కూడా అనేశాడు.

"హమ్మయ్య కాదు. గడ్డి తినేది ఆవనుకుంటున్నావా? ఆవు నమిలి మింగుతుందంతే. అరిగించేది ఆ క్రిములే. అవి లేకపోతే దీనికి గడ్డయినా ఒకటే, గోనెసంచయినా ఒకటే."

పాలాయన ఆవు కాలి పుండు వైపు చూశాడు. ఆ పుండులో క్రిములు చావడానికి మందుల షాపువాడు రోజుకో మాత్ర వెయ్యమంటే, తొందరగా మానుతుందని మూడేసి వేసింది తనే. నాలుగు రోజులుగా ఆవు నెమరు వెయ్యడం లేదు. పాలు గ్లాసుడుకి పడిపోయాయి. ఉన్నది ఆ ఒక్క ఆవే, ఇల్లు గడిచేది దాని పాల మీదే.

దారి ఒకటే ఉందని చెప్పింది డాక్టరమ్మ. బతికున్న క్రిముల్ని అరువు తేవాలట. కబేళాలో అప్పుడే కోసిన పశువు కడుపులోంచి గడ్డి రసం పిండి, ఒంటి వేడి పోకముందే ఈ ఆవుకి పట్టాలట. కబేళాకి రేపట్నుంచి మూడు రోజులు సెలవు. ఆవు అన్నాళ్లు నిలబడదని కూడా మొహమాటం లేకుండా చెప్పేసింది.

పాలాయన సైకిలెక్కాడు. కబేళాలో ఆఖరి పశువు కోత అప్పుడే అయింది. సంగతి విని కోత మేస్త్రీ విచిత్రంగా చూశాడు. "ఇన్నేళ్లలో మాంసం అడిగినవాళ్లే గానీ ఈ కంపు అడిగిన మారాజువి నువ్వే" అన్నాడు. అంటూనే, ఆవిర్లు కక్కుతున్న గడ్డి ముద్దని గుడ్డలో వేసి పిండి, పెద్ద సీసా నిండా పోసిచ్చాడు.

పాలాయన దాన్ని తువ్వాల్లో చుట్టి, చొక్కా లోపల కడుపుకి ఆనించుకుని తొక్కాడు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగినవాళ్లు ముక్కు మూసుకుని ఎడంగా జరిగారు. ఆయనకవేం పట్టలేదు. చలిగాలికి సీసా ఎక్కడ చల్లబడుతుందోనని ఒకటే బెంగ.

గుమ్మంలోనే సీసా భార్య చేతిలో పెట్టాడు.

"దీని వేడి చల్లారనివ్వకు. ఆవు ప్రాణమంతా ఆ వేడిలోనే ఉంది."

గొట్టం తెమ్మని చెప్పడానికి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

అరగంటలో ఇద్దరూ వచ్చారు. సీసా రెండు దుప్పట్లలో పసిబిడ్డలా పడుకుని ఉంది. డాక్టరమ్మ చెయ్యి ఆనించి చూసి తలూపింది. ఆవు నోట్లోంచి గొట్టం దింపి, చుక్క మిగలకుండా పోసేశారు. పాలాయన ఆవు డొక్క మీద అరచెయ్యి వేసి, లోపల ఏదైనా కదులుతుందేమోనని కళ్లు మూసుకున్నాడు.

"ఇంతసేపైనా వేడి భలే నిలబెట్టావు పిన్నీ" అంది డాక్టరమ్మ.

"నేను నిలబెట్టిందేముందమ్మా, ఈయన తెచ్చేసరికే గోరువెచ్చనైపోయింది. పొయ్యి మీద పెట్టి రెండు పొంగులు రానిచ్చి మళ్లీ సీసాలో పోశాను."