సోఫాలో డ్రైవరు

డ్రైవరు సోఫాలో కూర్చున్నాడు. ఇందిరాదేవి కొడుకు అమరేమో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

ఆమెకు అక్కడే ఒళ్ళు మండింది.

శుక్రవారం, సెలవు మధ్యాహ్నం. గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫా పేటలో అమర్ మేనేజరు మొరిటా గారి విల్లా. జపాన్‌లో సాయంత్రం మొదలయ్యే బేస్‌బాల్ ఆట ఇక్కడ పన్నెండింటికే టీవీలో వస్తుంది. తన ఊరి జట్టు ఆడుతోందంటే ఆయన ఆఫీసువాళ్ళను ఇంటికి పిలుస్తాడు.

"పనిలో ఎవరుంటారో ఆదివారం లిస్టు వస్తుందన్నావు. ఆయన పక్కన నువ్వు కూర్చోవాలి గాని, అతనేంట్రా?" అంది అమర్ చెవిలో.

"లింబాద్రి పదిహేనేళ్ళుగా జపాన్ వాళ్ళ కార్లే నడుపుతున్నాడమ్మా. వాళ్ళ భాష వచ్చు. ఆటంటే ప్రాణం. ఊరుకో."

ఎలా ఊరుకుంటుంది? అంబులెన్సు కూత వినబడితే కొడుక్కేమైందోనని వణికే మనిషి. మెసయీద్‌లో వాళ్ళ కంపెనీ కడుతున్న ప్లాంటు పని అయిపోవచ్చింది. సేఫ్టీలో ఇద్దరున్నారు, అమర్, నగేష్. ఇకమీదట ఒక్కడు చాలట. ఆ నగేష్‌దీ ఈ డ్రైవరుదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు.

తను చేసుకొచ్చిన సున్నుండల డబ్బా అందరికీ తిప్పింది. లింబాద్రి ముందు మాత్రం ఆపలేదు.

అతను గమనించాడో లేదో. "అమ్మా, ఎర్రటోపీలోళ్ళు మనోళ్ళు. మనయి మూడు, వాళ్ళయి రెండు" అన్నాడు.

"నేనడగలేదు" అంది.

ఎనిమిదో వంతులో ఎర్రటోపీవాడొకడు పరుగెత్తుకొచ్చి, పొట్ట మీద జారి, ఆఖరి పలక మీద చెయ్యి వేశాడు. అంపైరు రెండు చేతులూ చాచాడు. ఇంకో పరుగు వచ్చినట్టేనని అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

లింబాద్రి లేవలేదు. "అవుటే" అన్నాడు.

"నీకు పిచ్చా? మనవాడే కదా" అన్నాడు వెనకనుంచి ఆఫీసు గుమాస్తా రఫీక్.

"మనోడే. కని పలక ముట్టకముందే అవతలోడు బంతి అంటిచ్చిండు."

అవతలి జట్టు మళ్ళీ చూడమని అడిగింది. వీడియో చూసి అంపైరు మాట మార్చాడు. అవుట్.

మొరిటా నుదురు కొట్టుకుని, లింబాద్రి భుజం మీద ఒకటిచ్చాడు.

"సొంత జట్టుకే ఎసరు పెట్టేవాడు. వీడు నీ గురించి మంచి చెబుతాడా?" అని గొణిగింది ఇందిరాదేవి.

తొమ్మిదో వంతు. ఆఖరిది. అవతలివాళ్ళు ఇద్దరు అవుటయ్యారు, కాని ముగ్గురు మూడు మూలలా నిలబడి ఉన్నారు.

"బ్యాటు సరిగ్గ తాకిందంటే ఇద్దరు ఉరుకొస్తరు. మనం ఓడుతం" అన్నాడు లింబాద్రి, ఎవరితోనని కాకుండా.

"తాకకపోతే?" అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఇంకొక్క బంతి తప్పితే గెలుస్తం."

బంతి విసిరేవాడు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. 

అప్పుడు మొరిటా తెరమీంచి చూపు తిప్పకుండానే లింబాద్రి వైపు వంగి మెల్లగా ఏదో అడిగాడు. జపాన్ మాటల మధ్య రెండు పేర్లు ఇందిరాదేవి చెవిన పడ్డాయి. అమర్. నగేష్.



 లింబాద్రి రెండు అరచేతులూ మోకాళ్ళకు రాసుకున్నాడు. తర్వాత మొరిటా చెవి దగ్గర చాలాసేపు మాట్లాడాడు.

అయిపోయింది. నా కొడుకు కూటిలో మన్ను కొట్టాడు, అనుకుందామె.

బంతి వచ్చింది. బ్యాటు గాలిలో తిరిగింది. తగల్లేదు.

గది అంతా ఎగిరింది. రఫీక్ అమర్‌ను కావలించుకున్నాడు. మొరిటా పసివాడిలా గంతులేశాడు. లింబాద్రి ఒక్కడే కూర్చున్నచోటే ఉండి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఏడుపు కూడా అందరికంటే ముందు వీడికే, అనుకుంది ఇందిరాదేవి. మేనేజరు చూడాలిగా మరి.

చెప్పులు వేసుకునే చోట అతను ఎదురైతే ఉండబట్టలేకపోయింది.

"మీ ఊరివాడి గురించి బాగానే చెప్పినట్టున్నారు."

"ఉన్నది చెప్పిన అమ్మా" అన్నాడతను. ఆమె చెప్పుల జత కాలితో జరపకుండా, వంగి చేత్తో తీసి ముందుంచాడు.

ఆదివారం లిస్టు వచ్చింది. అమర్ ఉన్నాడు. నగేష్ లేడు.

"చూశావా, ఆ దేవుడు అతగాడి నోరు నొక్కేశాడు" అని దీపం పెట్టింది ఇందిరాదేవి.

రెండు వారాల తర్వాత అమర్ డ్యూటీ నుంచి వచ్చి, భోజనానికి లేవకుండా కూర్చున్నాడు.

"ఏమైంది నాన్నా? ఒంట్లో బాగాలేదా? మళ్ళీ లిస్టేమైనా వచ్చిందా?"

"ఇవాళ నగేష్ వెళ్ళిపోయాడు. లింబాద్రి కూడా డ్రైవరు పని మానేసి అదే విమానంలో వెళ్ళాడు."

"ఊరివాడి కోసం పని మానేస్తారా ఎవరైనా? ఏం చూపించుకుంటున్నాడు?"

"అమ్మా, ఆ రోజు సార్ అడిగింది ఒక్కటే. నువ్వు రోజూ మెసయీద్‌లో ఇద్దరి పనీ చూస్తావు, నువ్వైతే ఎవర్ని ఉంచుతావు అని. లింబాద్రి నా పేరు చెప్పాడట. సారే చెప్పారు."

ఇందిరాదేవి వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"మనమేమవుతామని? వాళ్ళవాణ్ణి కాదని నీ పేరెందుకు చెబుతాడురా?"

 నగేష్ ప్రయాణం కాగితాలు సర్దింది అమరే. సంచిలోంచి నగేష్ పాస్‌పోర్టు జిరాక్సు తీసి, ఆఖరి పేజీ పైకి కనబడేలా కంచం పక్కన పెట్టాడు.

ఇందిరాదేవి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది, తండ్రి పేరని ఉన్నచోట లింబాద్రి అని ఉంది.