మహల్లా పత్తి పరుపు

"చెయ్యి పైకెత్తరా! మీ అత్తగారు కళ్లారా చూడనీ" అంటూ తఫీదా కొడుకు చొక్కా చేతిని భుజం దాకా మడిచింది.

మోచేతి నుంచి మెడ వరకు ఎర్రటి దద్దుర్లు. ఒక వరసలో మూడు, ఆ పక్కనే ఇంకో మూడు. పెళ్లయి ఆరు వారాలైనా నిండని రిఫాత్ ఇద్దరు తల్లుల మధ్య సంతలో గొర్రెలా నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"దోమలేమోనమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"దోమలు వరసలో నిలబడి కుడతాయట్రా? నల్లులివి! మీ అత్తగారి పరుపులోంచి దిగిన నల్లులు!"

రిఫాత్ అత్తగారు ఇన్షిరాహ్‌కు ఒళ్లు మండిపోయింది. ఇంకో ఊళ్లో అయితే ఆ మాట విని ఊరుకునేదేమో. ఇది పత్తి మిల్లుల ఊరు మహల్లా. ఇక్కడ పెళ్లికూతురి తల్లిని తూచేది పరుపుతోనే. ఆమె రెండేళ్లపాటు పొడుగు పింజ పత్తి ఏరి కూడబెట్టింది. గింజలు తన చేత్తో తీసింది. దూది ఏకేవాణ్ణి పిలిచి, వీధి మధ్యలో చాప పరిపించి, ఆడవాళ్లంతా చుట్టూ చేరి పాటలు పాడుతుంటే కుట్టు కుట్టూ దగ్గరుండి వేయించింది. ఆ రోజు తను పంచిన షర్బత్ గురించి వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారని ఆమె కనిపించినవాళ్లందరికీ చెబుతూ ఉంటుంది.

"వదినగారూ, అదే పరుపు మీద నా కూతురూ పడుకుంటోంది కదా! దాని ఒంటి మీద ఒక్క దద్దురు చూపించండి చూద్దాం."

"నా కొడుకు రక్తం తియ్యన. నల్లులకి మాత్రం రుచి తెలీదా?"

"రుచి మరిగిన నల్లులైతే మీ ఇంట్లో పెరిగినవే అయ్యుంటాయి."

"చూస్తూ ఉండండి. జుమ్మా నమాజు అయి జనం మసీదులోంచి వచ్చేసరికి ఆ పరుపు నడివీధిలో ఉంటుంది. అందరి ముందూ కిరోసిన్ పోసి కాల్చకపోతే నా పేరు తఫీదా కాదు!"

టీ గ్లాసులు తెచ్చిన కూతురు రబాబ్ పళ్లెం కింద పెట్టి, "పోనీలే అమ్మా. కాల్చేద్దాం. గొడవ వదిలిపోతుంది" అంది.

ఇన్షిరాహ్ నిర్ఘాంతపోయింది. "మతి గానీ పోయిందా నీకు? నీ పెళ్లి పరుపే అది!"

"పరుపేగా."

చిన్నప్పుడు బొమ్మ చెయ్యి విరిచాడని పక్కింటి పిల్లాడి జుట్టు పట్టుకుని లాగిన రబాబేనా ఇది? ఆరు వారాల్లోనే అత్తగారికి ఇంత భయపడిపోయిందా? ఇన్షిరాహ్ గుండె తరుక్కుపోయింది. తన పరుపు సంగతి అలా ఉంచి, కూతురు ఈ ఇంట్లో తలెత్తుకు తిరగాలంటే ఇవాళ గెలిచి తీరాలి.

"ఎవరి నల్లులో మనం తేల్చక్కర్లేదు. మనిషిని పిలిపించాను" అంది.

అన్నట్టే ఉస్తా ఖమీస్ వచ్చాడు. ముప్ఫయ్యేళ్లుగా పురుగులు చంపడమే అతని పని. ముందు రిఫాత్ చేతిని వెలుతురులోకి తిప్పి చూశాడు.

"చీలమండల దగ్గరుంటే పిల్లుల మీద గెంతే పురుగనేవాణ్ణి. చెదురుమదురుగా ఉంటే దోమ. ఇలా మూడేసి వరసంటే ఒక ముద్ద తినడం, రెండడుగులు నడవడం, మళ్లీ ముద్ద. నల్లే ఇది."

"విన్నారా!" తఫీదా చప్పట్లు కొట్టింది.

పడకగదిలో ఖమీస్ టార్చి వేసి కుట్టు కుట్టూ వెతికాడు. మంచం పలకల సందుల్లో సన్నటి ఊచ దూర్చాడు. దిండ్లు తిప్పి చూశాడు.

"ఇక్కడ లేవమ్మా. ఉంటే కుట్ల వెంట నల్లటి చుక్కలుండేవి. పరుపు అద్దంలా ఉంది. ఈ పక్క దిండు గలీబుకైతే ఇస్త్రీ మడత కూడా చెదరలేదు!"

"నా కూతురి పొందిక అలాంటిది" అంది ఇన్షిరాహ్, వియ్యపురాలి వైపు చూస్తూ. రబాబ్ కిటికీ వైపు తిరిగింది.

"చాలు బాబాయ్, ఏదో మందు కొట్టేసి వెళ్లండి" అన్నాడు రిఫాత్.

"ఎక్కడున్నాయో చూడకుండా కొడితే నల్లులు నవ్విపోతాయి బాబూ" అంటూ ఖమీస్ హాల్లోకి నడిచాడు. పొడవాటి సోఫా ముందు వంగాడు.

తఫీదా ఉలిక్కిపడింది. "అది మా అమ్మ నాటి సోఫా! కొత్త గుడ్డ వేయించి నేనే ఇచ్చాను. దాని జోలికి పోకు."

"చూడాల్సిందే!" అంది ఇన్షిరాహ్.

రబాబ్ సోఫాకి అడ్డంగా వచ్చి నిలబడింది. "నీకు పుణ్యముంటుందమ్మా, వద్దు."

"ఇంకెన్నాళ్లే ఈ భయం? తప్పుకో!" కూతుర్ని పక్కకి లాగేసింది ఇన్షిరాహ్.

ఖమీస్ సోఫా అడుగు గుడ్డ చింపాడు. అవిసె గింజల్లా జలజలా రాలాయి నల్లులు. తఫీదా అయ్యో అంటూ కుర్చీలో కూలబడింది. ఇన్షిరాహ్‌కు పెళ్లిళ్లలో ఆడవాళ్లు వేసే కేక ఒకటి గొంతు దాకా వచ్చింది.

"ఇప్పుడు చెప్పండి వదినగారూ! కిరోసిన్ దేని మీద పోద్దాం?"

రిఫాత్ గోడకి జారగిలబడ్డాడు. ఖమీస్ మాత్రం గుడ్లనూ పిల్లలనూ ఊచతో కదిపి చూస్తూ తన లెక్కలో తనున్నాడు.

"నెల పైబడిందమ్మా. రోజూ కడుపునిండా తిన్నాయివి. మెలకువగా కూర్చుని లేచిపోయేవాళ్ల మీద ఇంత మంద బతకదు" అంటూ, తనను పిలిపించిన ఇన్షిరాహ్ వైపు తిరిగి అడిగాడు.

"రోజూ రాత్రి దీని మీద పడుకునేదెవరమ్మా?"