చచ్చిన కోళ్ల సంచి

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక కోళ్ల లారీ ఆగిందంటే అక్కడే ఇల్లున్న భీమవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది.

మహారాష్ట్ర నుంచి వచ్చే లారీ. దాన్ని ఎవరూ కడిగిన పాపాన పోలేదు. దారిలో చచ్చిన కోళ్లను డ్రైవర్ మురికినీళ్ల మోరీలోకి విసిరి పోయేవాడు.

వాటిని ఏరుకోవడానికి ఈ మధ్య ఒకడు వస్తున్నాడు. పేరు సాలోమోను, ఊరు మాక్లూర్. అంతకుమించి మార్కెట్‌లో ఎవరికీ తెలియదు.

మోరీలో చెయ్యి పెట్టి, ఉబ్బిన కోడిని కాలు పట్టి లాగి, సంచిలో వేసుకునేవాడు. ఒకరోజు భీమవ్వ ఉండబట్టలేక అడిగింది.

"ఏం జేస్తవ్‌రా గవి?"

"పాతిపెడుత అవ్వా. సున్నం పోసి."

"దినాలు గూడ జేస్తవా? మమ్ములను బువ్వకు పిలుస్తవా?"

చాయ్ తాగుతున్న హమాలీలు పగలబడి నవ్వారు.

సాలోమోను నవ్వలేదు. "నీ కోళ్లను జర గంప కింద కమ్మి ఉంచు. మోరి దిక్కు ఇడువకు."

"నా కోళ్ల మీద కన్నేస్తే గుడ్లు పీకుత!"

మొగుడు పోయాక ఆ నాటుకోళ్లే భీమవ్వకు బువ్వ. పోచమ్మకు మొక్కున్నవాళ్లు ఆమె దగ్గరే పుంజును కొనేవాళ్లు.

లారీ ఓనర్ దయాకర్ ఒకనాడు ఆమెను పక్కకు పిలిచాడు.

"గా సాలోమోను పాతుడు లేదు, గీతుడు లేదు చిన్నమ్మా. మసాలా పూసి కల్లు దుకాణం కాడ అమ్ముతుండు."

భీమవ్వ ఇంకేమీ వినలేదు. పేడనీళ్ల బకెట్ తెచ్చి సాలోమోను నెత్తిన గుమ్మరించింది.

"థూ! పీనుగలు అమ్ముకొని బతికేటోడా! మళ్ల గిక్కడ కనవడకు."

అతడు మొహం తుడుచుకున్నాడు. సంచి అక్కడే వదిలేసి పోయాడు.

మళ్లీ రాలేదు.

మోరీ నిండింది. కుక్కలు చచ్చిన కోళ్లను ఈడ్చుకొచ్చి భీమవ్వ వాకిట్లో పడేశాయి. ఆమె కోళ్లు వాటిని పొడిచాయి.

కొన్నాళ్లకే ఆమె కోళ్లు తలమీది ఎర్రజుట్లు నల్లబడి, మెడలు వేలేసి, ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి. ఒక్కటీ మిగలలేదు.

వాటిని గంపకెత్తుకుని పాతిపెట్టేందుకు ఊరవతల రైతు నడిపయ్య బీడుపడ్డ పడావు భూమికి పోయింది. అక్కడ సున్నం పరిచిన గుంతలు తెల్లగా కనిపించాయి. గట్టు మీద నడిపయ్య కూర్చుని ఉన్నాడు.

"గివేందే నడిపయ్యా?"

"సాలోమోను తవ్విండు. లారీల సచ్చిన కోళ్లన్నీ గిండ్లనే ఉన్నయ్."

"అమ్ముకోలేదా?"

"అమ్ముకునుడా? సున్నం గూడ సొంత పైసలతోనే తెచ్చేటోడు. 'నేను వద్దన్నా లారీ ఆగలేదు, సచ్చినయన్నా ఏరుత' అనేటోడు."

"లారీ వద్దనేతందుకు వాడెవడే?"

నడిపయ్య ఆమె గంప దించి కింద పెట్టాడు.

"డాక్టర్ కాయితం లేని జబ్బు కోళ్లను బార్డర్ దాటియ్యనన్నందుకు దయాకర్ పనిలకెళ్లి ఎల్లగొట్టిన డ్రైవరే గాయన."